కార్డు చల్లబడాలి, నేను కాదు

“ఓలమ్మో! మన రైసుకార్డు కాలిపోనాదంట!” అని మా అత్తగారు సన్యాసమ్మ వీధి అరుగు మీంచి పెట్టిన కేక చోడవరంలో సగానికి వినిపించింది, మిగతా సగానికి పక్కింటి అచ్చియ్యమ్మ వినిపించింది. నేనన్నది రైసు కాదు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న మా ఆయనకి వినబడాలని, ఏవండీ, గ్రాఫిక్స్ కార్డు మళ్ళీ కాలిపోతోందండీ అన్నాను, అంతే, కాకపోతే నేను అనడానికీ ఊళ్ళోవాళ్ళు అరవడానికీ తేడా తక్కువ. మా అత్తగారి కుడిచెవి ఏనాడో రిటైరైంది, ఎడమచెవి కాంట్రాక్టు మీద నడుస్తోంది, అందులో పడ్డ గ్రాఫిక్సు రైసై బయటికి వచ్చింది. తప్పు చెవిది కూడా కాదు, ఈ వీధిలో కార్డంటే ఒక్కటే కార్డు, అది కాలితే పొయ్యి ఆరుతుంది, అందుకే ఇప్పుడు ముందుగదిలో జనం, అచ్చియ్యమ్మ అయితే తన కార్డు కూడా పట్టుకొచ్చింది, కాలినదాన్ని ఓదార్చడానికి కాబోలు. వాళ్ళకి చెప్పాలి, ఇది ఆ కార్డు కాదు తల్లీ అని చెప్పాలి, చెప్తాను, ముందు ఈ గంట గడవనీ. గది తలుపు దగ్గరగా వేసుకున్నాను. ఎదురుగా కంప్యూటరు పెట్టె పక్కరేకు ఊడదీయించుకుని, ఆపరేషన్ బల్ల మీద రోగిలాగా, పొట్ట విప్పుకుని కూర్చుంది. డాక్టర్నీ నేనే, రోగి తాలూకు బంధువునీ నేనే, బయట స్ట్రెచరు కూడా సిద్ధంగా ఉంది, దాని పేరు ఆటో.

ఆటో తెచ్చినవాడు మా మరిది జగ్గారావు. మరిది అంటే ‘మర ఇది’ అని చెప్పగలిగేవాడనుకునేరు, మరా తెలియదు, మర్యాదా తెలియదు, బస్టాండు దగ్గర జెరాక్సు షాపు మాత్రం ఉంది. మా అమ్మాయి ప్రవల్లిక చదువుకునే రోజుల్లో కొనుక్కుని, విశాఖపట్నంలో ఉద్యోగం దొరకగానే ఆఫీసువాళ్ళు ఇచ్చిన ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, అమ్మా ఇది నీకే అని వదిలి వెళ్ళిన ఈ పెట్టె మీద అతగాడి కన్ను ఆ రోజునుంచీ ఉంది. పోయిన వారం ఇది మూడుసార్లు టప్పున ఆరిపోయిందని తెలిశాక కన్ను కాస్తా చెయ్యైంది. గుమ్మంలో నిలబడి, “వదినే, నిప్పంటుకుంటే ఇల్లు కాలిపోద్ది. నాకిచ్చీ. షాపులో ఊరికే ప్రింట్లు తీసుకుంటాను, దానికీ సుకం, నీకూ సుకం. ఈ వయసులో నీకెందుకే గేములూ గీములూ?” అన్నాడు. “నిప్పు సంగతి నాకు సెప్తన్నావేటి జగ్గా? బెల్లం పొయ్యి కాడ పుట్టినదాన్ని.” “అయితే గంటాగుతాను. గంటలో అది బాగై, ఆరిపోకుండా గేములో నీ లారీ కొండెక్కిందా, నీది. ఆరిందా, ఆటో ఎక్కించీస్తాను.” “ఎక్కించు. ఆరకపోతే మాత్రం ఈ గుమ్మం ఎక్కకు.” మా ఆయన గణపతిరావు తుండుగుడ్డతో కాళ్ళు తుడుచుకుంటూ ఇటు చూశాడు, అటు చూశాడు, కాళ్ళే మళ్ళీ తుడుచుకున్నాడు. మా అత్తగారు మాత్రం సంతోషించింది, “గంటలో కొత్త కార్డు ఇచ్చీస్తారంటేటి!” అని.

పెట్టె మీద మీట నొక్కాను. బండి లేచింది, తెర వెలిగింది, మూలన డిగ్రీలు, నలభై, నలభై నాలుగు. ఇంటరుతో ఆపేసి పెళ్ళిపీటలు ఎక్కించారు, నాకు ఒక్క డిగ్రీ లేదు, దీనికి చూస్తూండగానే యాభై డిగ్రీలు, ఇంకో నిమిషంలో దీనికి పీహెచ్‌డీ ఇచ్చి ఆర్పేస్తారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మూడంటే మూడు. నాకూ ఫ్యాన్లు ఉన్నారు, ఇంతకంటే బోలెడు మంది, ప్రతి సాయంత్రం ‘దుర్గాదేవి లారీ సర్వీసు’ అని నా యూట్యూబ్ ఛానల్ తెరిచి, నేను గేములో మంచుకొండల మీద పద్దెనిమిది చక్రాల లారీ నడుపుతూ వేసే కుళ్ళుజోకులకి అక్కడెక్కడో కూర్చుని నవ్వేవాళ్ళు. నా ఫ్యాన్లు చప్పట్లు కొడతారు, దీని ఫ్యాన్లు గాలి కొడతాయి, రెండూ ఆగితే పని అయిపోయినట్టే. పోయిన వారం ఆగింది. పెద్ద మలుపు, కింద లోయ, ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో గేరు, నోటితో నేను చెరకు బండివాడి మీద కథ చెప్తున్నాను, తెర నల్లబడింది, కథ లోయలో పడింది. మళ్ళీ వెలిగించేసరికి ఎవడో రాశాడు, ఆంటీ, బండి పక్కన పెట్టి పాలు తోడేసుకోండి అని. తోడేస్తానురా అబ్బాయ్, నీ మాటలో ఇంత పులుపుండగా వేరే మజ్జిగెందుకు. ఇవాళ ఆ తెర నల్లబడడానికి వీల్లేదు. ఇవాళ సాయంత్రం నేనొక్కదాన్నే కాదు, నా వెనక వరసగా లారీలు, అందరూ ఆడవాళ్ళే, చీడికాడ నుంచి సత్యశ్రీ టీచరు, ఇంకా ఏయే ఊళ్ళ నుంచో, స్కూటీ తాళంచెవి కూడా చేతికి రాని వాళ్ళే సగం మంది, ముందు బండి నాది, దారి చూపేది నేను. ముందు బండి ఆగితే వెనకవాళ్ళంతా ఆగుతారు. అరవై ఎనిమిది. డెబ్భై రెండు.

తాళంచెవి. మా ఆయనది సీట్ల కవర్ల షాపు, మెయిన్ రోడ్డులో, బళ్ళ సీట్లు, ఆటో సీట్లు, కారు సీట్లు, చోడవరంలో తిరిగే బళ్ళలో సగం సీట్ల మీద ఆయన కుట్టు ఉంటుంది, ఎవరు ఎక్కడ కూర్చున్నా మా ఆయన మీదే కూర్చుంటారు, ఈ జోకుకి పెళ్ళైన కొత్తలో ఆయన నవ్వేవాడు. కుట్టు బిగిసిందో లేదో చూడడానికి నన్ను కూర్చోబెట్టేవాడు, ఓసారి కూకో దుర్గా, కదులు, గట్టిగా ఉందా, గట్టిగా ఉందండీ, ఇంక దిగు. అన్నేళ్ళు ఎన్ని బళ్ళ మీద కూర్చున్నానో, ఒక్కటీ కదల్లేదు. నేర్చుకుంటానండీ అంటే, సూద్దాంలే. మా తమ్ముడు దింపుతాడులే. జగ్గా వెనక కూర్చుని సంతకి, జగ్గా వెనక కూర్చుని పుట్టింటికి, బుచ్చయ్యపేట దాకా అతగాడి వీపు చూసుకుంటూ పోయేదాన్ని, ఆ మెడ వెనక ఎన్ని పుట్టుమచ్చలున్నాయో మా తోటికోడలి కంటే నాకే ఎక్కువ తెలుసు. ఆయన చెడ్డవాడు కాదు, నన్నెప్పుడూ కాదనలేదు, అవుననీ అనలేదు, అన్నిటినీ కవర్ చేసుకొస్తాడు, వృత్తి ధర్మం. కంప్యూటరు మీద లారీ తోలడం మొదలుపెట్టిన రోజున కూడా ఏమీ అనలేదు, కుర్చీ వెనక నిలబడి కాసేపు చూసి, ఆ లారీ సీటు కవరు బాగోలేదు అన్నాడు. మర్నాడు నా కుర్చీకి ఎర్ర రెగ్జిన్ కవరు వచ్చింది, తెల్లదారంతో డైమండు కుట్టు, అచ్చం లారీవాళ్ళ సీటులాగా. దాన్ని ఏమనాలి, ప్రేమనాలి, అనను, అంటే కవరు ఊడిపోతుంది.

ఎనభై. అబ్బే, ఇంత తొందరగానా, నిన్నటికంటే ఘోరం. ప్రవల్లిక ఫోనులో చెప్పినవన్నీ ఈ పొద్దున్న చేశాం కదా, రంగుల బ్రష్షుతో దుమ్ము దులిపాం, సీజను దుమ్ము, రోడ్డు మీద చెరకు ట్రాక్టరు పోయిన ప్రతిసారీ మా ఇంట్లోకి ఒక పిడికెడు మన్ను దిగుతుంది, ఆ ముద్దంతా తీశాం. ఎండిపోయిన పాత పేస్టు గీకేశాం. దాని బదులు అమ్మాయి కొరియర్లో పంపిన పల్చటి థర్మల్ ప్యాడ్, కార్డు చిప్పు మీద అంటించి పైన ఆ బరువైన లోహపు దిమ్మ బిగించడమే, చిప్పులో పుట్టిన వేడిని ప్యాడ్ అందుకుని దిమ్మకిస్తుంది, దిమ్మ గాలికిస్తుంది, గాలి వీధిలోకి పోతుంది, చదువు ఇంతే. అంటించే పని మా ఆయనకిచ్చాను, అంటించడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి, నేను వంటింట్లో పులుసు చూసొచ్చేసరికి అంటించి, దిమ్మ పెట్టి, మరలు బిగించేసి కూడా ఉన్నాడు, బుడగ లేకుండా. అన్నీ కొత్తవే. అయినా ప్యాడ్ కాస్తా పాడే ఎక్కిస్తోంది. ఎనభై ఆరు. ఫ్యాన్లు గోల పెడుతున్నాయి, అవతల మా అత్తగారు అచ్చియ్యమ్మతో, “లోన మిషను పెట్టి కొత్తది అచ్చు కొడతందే” అంటోంది, జగ్గారావు నవ్వుతున్నాడు, ఆ నవ్వు నాకు తెలుసు, బ్రేకు వేసినప్పుడల్లా వెనక్కి తిరిగి, భయమేసిందేటి వదినే అని నవ్వే నవ్వు. నాకు భయమెప్పుడు వేసిందిరా, నడిపేవాడి మీద చిరాకు వేసింది. టెంపరేచరు చూస్తూ కూర్చునేవాళ్ళకి టెంపరితనం కూడా ఉండాలి, లేకపోతే చూడలేరు. తొంభై. దగ్గరకి వంగాను. చెయ్యి పెట్టాను, ఫ్యాన్లకి దూరంగా, పక్కన ఆ దిమ్మ రేకుల మీద. కాలుతుందనుకుని వేళ్ళు ముందే ముడుచుకున్నాయి. కాల్లేదు.

చల్లగా ఉంది. తెర మీద తొంభై ఒకటి, వేలి కింద పెరటి గోడ. మళ్ళీ ముట్టుకున్నాను. చల్లగానే ఉంది. అప్పుడొచ్చింది ఆ వాసన, ఇక్కడిది కాదు, బుచ్చయ్యపేట పొలంలోది, పిప్పి మంట వాసన, చెరకుపాలు కాగుతున్న తీపి పొగ, మా నాన్న పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని ఒక చెయ్యి మంట కేసి చాచి, ఇంకో చెయ్యి పెనంలో పాల మీద పెట్టి చూస్తున్నాడు. ఆ ఏడు కొత్త పెనం. పొగకి నల్లబడిపోద్దని మా పెదనాన్న ముచ్చటపడి దాని అడుక్కి జానెడంత బంకమట్టి పూసేశాడు, కొత్తది కొత్తగా ఉండాలని. పొద్దున్న వేసిన మంట, పిప్పి కుప్ప సగం అయిపోయింది, కింద పొయ్యి రాళ్ళు పేలుతున్నాయి, పైన పాలు కిమ్మనవు, మా పెదనాన్న ఇంకా వెయ్యండి మంట అంటాడు, మా నాన్న అరవలేదు, నా వైపు తిరిగి అన్నాడు, “కింద మంట, పైన సల్ల. మజ్జిలో ఎవుడో అడ్డం కూకున్నాడే దుర్గా.” ఎంత వేడో చూడకు, ఎక్కడ ఆగిందో చూడు. ఆ పూత గీకించాక చెరకుపాలు నురగలు కక్కుకుంటూ లేచాయి. మధ్యలో ఎవడో అడ్డం కూర్చున్నాడు. తెర నల్లబడింది, టప్ మని, అలవాటైన చావు. ముందుగదిలోంచి జగ్గారావు, “ఆరినట్టుందే వదినే!” “గంట అవ్వలేదు!” అని అరిచాను, మూడిళ్ళ అవతల కుక్క లేచింది. “ఆ మరలుతీసే కర్ర పట్టుకుని మీరు ఇలా రండి!”

మా ఆయన వచ్చాడు. సీట్ల బోల్టులు విప్పే స్క్రూడ్రైవరు, చివర సన్నగా అరగదీసింది. తాళాలు వేసిన గుళ్ళోకి పూజారి వచ్చినట్టు వచ్చి తలుపు వేశాడు. తీగలు పీకాం, కార్డు ఊడదీశాం, తిరగేసి మెత్తటి తుండుగుడ్డ మీద పెట్టి నాలుగు మరలూ తీశాడు, దిమ్మ నేను లేపాను. చిప్పు మీద ప్యాడ్ బూడిదరంగులో చక్కగా ఉంది, ఆ పైన ఒకటి మెరిసింది. గోరు పెట్టి మూల లేపాను. లేచింది. కంటికి కనపడీ కనపడని ప్లాస్టిక్ పొర, నీలం చెవి ఒకటి దానికి, ‘పీకండి’ అని బొమ్మ కూడా వేసి ఉంది, వేడికి కొంచెం ముడతపడింది. నేను ఆయన్ని చూశాను. ఆయన పొరని చూశాడు. “అది తియ్యకూడదు గదా,” అన్నాడు మెల్లగా, “అడుగుది తీసేను, అంటడానికి. పైది ఉంచేను. కొత్తది గదా దుర్గా. ఎక్కువకాలం మన్నుతాదని.”

కొత్తది కదా. నవ్వు ముందొచ్చిందో కోపం ముందొచ్చిందో తెలియలేదు, రెండూ గొంతులో గుద్దుకున్నాయి. ఈ మనిషి పొర తీసిన వస్తువు నేను చూశానా అసలు. టీవీ రిమోటు పాలిథీన్ కవర్లోనే ఉంది, అంకెలు కనపడవు, ఛానెల్ మార్చాలంటే అదృష్టం మీద నొక్కాలి. ఫ్రిజ్ తలుపు మీద కంపెనీవాడు వేసిన పొర అలాగే ఉండి అంచులు గోధుమరంగు తిరిగాయి. సోఫా వచ్చి ఎన్నేళ్ళైంది, ప్రవల్లిక ఓణీల ఫంక్షనుకి కొన్నాం, ఇప్పటికీ దాని ప్లాస్టిక్ మీదే కూర్చుంటాం, వేసవిలో లేస్తే చర్మం దానికి, చప్పుడు మనకి. షాపుకి వచ్చేవాళ్ళకి ఆయనే చెప్తాడు, పై కవరు తీయకండి బాబూ, సీటు పాడైపోద్ది. అడ్డం కూర్చున్నవాడు చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు, కాపాడుతున్నాననుకుని కూర్చున్నాడు, పెనానికి మట్టి పూసిన మా పెదనాన్నలాగా, నన్ను బండి ఎక్కనివ్వకుండా తమ్ముడి వెనక కూర్చోబెట్టినప్పుడు కూడా పడిపోతానని, గీత పడుతుందని. పాత పడకుండా ఉంచారు నన్ను, వాడకుండా. చూడండి, పొర వేసి పాటించడాన్నే తెలుగులో పొరపాటన్నారు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. పొర చివర పట్టుకుని, సీటు కుట్టులో దారం లాగినంత జాగ్రత్తగా, ఒక్క లాగుతో తీశాడు. కింద ప్యాడ్ ముడతపడి ఉంది. “ఇంకో ముక్కుంది గదా పేకెట్లో,” అన్నాడు. ఉంది. “అది నువ్వంటించు,” అన్నాడు.

అంటించాను. అటూ తీశాను, ఇటూ తీశాను. మరలు ఆయన బిగించాడు, ఎదురెదురు మూలలు, కొంచెం కొంచెంగా, సీటు బిగించినట్టు. మీట నొక్కాను, కొండ దారి తెరిచాను, నిండు లోడు, మంచు, రాత్రి, దీపాలన్నీ, దీన్ని ఏడిపించేవన్నీ పెట్టాను. స్ట్రెస్ టెస్టట, మా ఇంట్లో ముప్ఫై ఏళ్ళుగా నాకు రోజూ అదే పరీక్ష, ఒక్కసారీ ఆరిపోలేదు. యాభై ఐదు. అరవై. చెయ్యి పెట్టాను, దిమ్మ రేకులు వెచ్చబడుతున్నాయి, ఒంట్లో జ్వరం దిగుతుంటే చెమట పట్టినట్టు, అమ్మయ్య, వేడి బయటికి వస్తోంది. వేడి ఉండకూడదని ఎవరన్నారు, నడిచే బండికి వేడుంటుంది, లోపల దాచుకుంటే కాలుతుంది, బయటికి వదిలితే ఊరు కాచుకుంటుంది. నేనెందుకు గట్టిగా మాట్లాడతానో ఇప్పుడర్థమైంది నాకు, మూడు ఫ్యాన్లు చాలక. అరవై ఆరు. మలుపు. అరవై ఎనిమిది. ఇంకో మలుపు, పోయిన వారం కథ పడిపోయిన లోయ, గేరు తగ్గించాను, మా ఆయన ఊపిరి బిగబట్టి నా కుర్చీ వెనక కవరు గట్టిగా పట్టుకున్నాడు, ఇప్పుడు ఎవరి వెనక ఎవరున్నారు గణపతిరావు గారూ. అరవై తొమ్మిది. అరవై తొమ్మిది. అక్కడే నిలబడింది, చెట్టు మీద పిట్టలాగా, ఎగరదు, దిగదు. కొండ ఎక్కాను. అవతల దిగాను. మళ్ళీ ఎక్కాను, ఈసారి ఊరికే, కుతి తీరక.

తలుపు తట్టి, “గంటైపోనాది వదినే,” అన్నాడు జగ్గారావు. మా ఆయనే తీశాడు. తెర వెలుగుతోంది, లారీ కొండ మీద ఉంది. జగ్గారావు చూశాడు, మూలన అంకె చూశాడు, పెట్టె దగ్గరికి వెళ్ళి ముక్కు పెట్టి వాసన కూడా చూశాడు. “ఇప్పుడు బాగానే ఉంటాదన్నియ్యా, రేపు మళ్ళీ...” “రేపు మళ్ళీ దుర్గే బాగుసేస్తాది,” అన్నాడు మా ఆయన. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా పేరు మీద ఆయన పూర్తి చేసిన మొదటి వాక్యం. తర్వాత ఆయనే, “ఆటో కాళీగా పంపకూడదురా, వచ్చిన బండి ఒట్టిగా పోకూడదు,” అని ముందుగదిలోకి వెళ్ళి, జేబులోంచి షాపు కత్తెర తీసి, సోఫా మీదున్న అచ్చియ్యమ్మని లేపి, ప్లాస్టిక్ కవరు ఈ చివర్నుంచి ఆ చివరికి సర్రున కోశాడు. ఫ్రిజ్ పొర నేను లాగాను, రిమోటు ముసుగు అచ్చియ్యమ్మ లాగింది, ఎందుకో తెలియకుండానే, ఊపులో. అన్నీ చుట్టచుట్టి జగ్గారావు చేతుల్లో పెట్టాం.

ఇక చెప్పాల్సిన మాట చెప్పేశాను, ముందుగది మధ్యలో నిలబడి, మా అత్తగారి కాంట్రాక్టు చెవికి అందేలా. “ఇనండర్రా! కాలింది రైసుకార్డు కాదు. గ్రాఫిక్స్ కార్డు. ఈ కంప్యూటర్లో బొమ్మలు నడిపే ముక్క. అదీ కాల్లేదు, ఉడుకెక్కింది, ఇప్పుడు సల్లబడింది.” బీరువా తెరిచి రైసుకార్డు తెచ్చి చూపించాను, జగ్గారావు షాపులోనే లామినేషన్ చేయించినది, నిగనిగలాడుతోంది. “ఇదిగో మన కార్డు. ఇంట్లో పొర ఉండాల్సింది దీనికొక్కదానికే.” అచ్చియ్యమ్మ తన కార్డు రొంటిన దోపుకుంటూ, “ఓసినీ, ఈ మాట గంట కితమే సెప్పొచ్చు గదే,” అంది, “పాలు పొయ్యి మీద ఒగ్గీసొచ్చేను.” వచ్చినవాళ్ళంతా నవ్వారు. మా అత్తగారు అన్నీ విని, అన్నిటికీ తలూపి, కవరు లేని సోఫాలో కూర్చుని, చేత్తో తడిమి, “ఓలమ్మ, ఇది ఇంత మెత్తగుంటాదేటే!” అంది.

లోపలికి వచ్చి ఎర్ర కుర్చీలో కూర్చున్నాను. సాయంత్రమైంది, తెర మీద నా లారీ వెనక బళ్ళు ఒక్కొక్కటే వరసలోకి వచ్చాయి, సత్యశ్రీ టీచరు దీపాలు కొట్టింది. హారన్ నొక్కాను, స్పీకరు పూర్తిగా పెంచి. ముందుగదిలోంచి మా అత్తగారి కేక, “బియ్యం బండొచ్చినట్టుంది, సూడండే!”

“వచ్చిందత్తా,” అన్నాను, “డ్రైవర్ని నేనే.”